ఇనుము ముందా, ఇంగితం ముందా?

జర్మన్ టైగర్ ట్యాంకు బరువు దాదాపు 57 టన్నులు. దాన్ని పదహారో వంతుకు కుదించి రిమోటుతో నడిపే నమూనా చేస్తే ఎంత తూగాలి? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతుకు తగ్గుతాయి కనక బరువు 4096వ వంతుకు దిగాలి. లెక్క వేస్తే సుమారు 14 కిలోలు. అట్టపెట్టెలో వచ్చే ప్లాస్టిక్ టైగర్ అందులో మూడో వంతు కూడా తూగదు. వేగం సంగతీ అంతే. అసలు టైగర్ మంచి రోడ్డు మీద గంటకు 45 కిలోమీటర్లు అందుకుంటే గొప్ప. అందులో పదహారో వంతు 2.8 కిలోమీటర్లు, అంటే మనిషి తీరిగ్గా వేసే అడుగు కంటే తక్కువ. చౌక నమూనాకి బ్యాటరీ తగిలించి మీట ముందుకు తోస్తే మాత్రం అది అంతకు ఎన్నో రెట్ల హుషారుగా దూకుతుంది, ఆపగానే ఉన్నచోటే ముక్కు దించి ఆగిపోతుంది. చూసేవాళ్ళకి అది బొమ్మేనని తెలిసిపోవడానికి ఆ ఒక్క కుదుపు చాలు.

ఈ తేడాని పూడ్చడానికే మెరుగుల బజారు ఇంతగా పెరిగింది. లోహపు చైన్లు, ఉక్కు గేర్లు, కొత్త బోర్డులు, పొగ యంత్రాలు, వెనక్కి తన్నే ఫిరంగులు, చెక్కిన హ్యాచ్‌లు: కొనేవాడి జేబుకి అంతుండాలే గానీ వీటికి అంతు లేదు. వీటిలో ఏది నిజంగా నమూనాని ట్యాంకుగా మారుస్తుంది, ఏది ఖర్చు మాత్రమే పెంచుతుంది అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువమంది చేయి ముందు లోహం మీదికే పోతుంది. అది తలకిందుల వరస.

ఈ సరదాకి పుట్టిల్లు జపాన్‌లోని షిజువొకా. అక్కడి టమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు నమూనా తెచ్చింది. లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలన్న అవసరంతో కొలత పెడితే అది 1/35 దగ్గర తేలింది. అలా వీలు కోసం పుట్టిన కొలతే తర్వాత ప్రపంచమంతటా సైనిక నమూనాలకి ప్రమాణమై కూర్చుంది. 1974లో అదే కంపెనీ 1/16 కొలతలో రేడియోతో నడిచే షెర్మన్‌ని విడుదల చేసింది. టమియా రేడియో కంట్రోల్ సరుకులో మొదటిది అదే, పేరుమోసిన కార్లన్నీ ఆ తర్వాతే వచ్చాయి. 1990ల చివర్లో ఇంజన్ శబ్దం, దీపాలు, ఫిరంగి పేలినప్పుడు బండి మొత్తం వెనక్కి ఊగడం, ఇవన్నీ కలిపిన ‘ఫుల్ ఆప్షన్’ కిట్లు మొదలయ్యాయి. వాటి ధర మధ్యతరగతి ఊహకి అందేది కాదు.

ఆ గోడని పడగొట్టింది చైనా కంపెనీ హెంగ్ లాంగ్. అదే 1/16 కొలతలో టైగర్, పెర్షింగ్, పాంథర్, షెర్మన్, టి-34, తర్వాత లెపర్డ్ 2, ఏబ్రమ్స్, టి-72, టి-90 దాకా, పలు రెట్లు తక్కువ ధరకి, బిగించి రంగు వేసి మరీ అమ్మింది. వాటిలో గేర్లు మెత్తన, చైన్లు ప్లాస్టిక్, రంగు పలచన. కానీ ఆ లోపాలే ఒక పరిశ్రమకి గింజలయ్యాయి. టైగెన్ లాంటి కంపెనీలు లోహపు చక్రాలు, గేర్‌బాక్సులు, అడుగు భాగాలు తెచ్చాయి. జర్మనీలో ఎల్‌మాడ్, హాంకాంగ్‌లో క్లార్క్ వంటివాళ్ళు కంట్రోల్ బోర్డులు తయారు చేశారు. ఇప్పుడు హెంగ్ లాంగే ఒకే ట్యాంకుని మామూలు రకం, లోహపు సామాను అమర్చిన రకం అని వేర్వేరు పెట్టెల్లో అమ్ముతోంది.

ముందుగా చెయ్యి పెట్టాల్సిన చోటు గేర్‌బాక్సు. పై మూత విప్పి, టరెట్‌కి వెళ్ళే వైర్ల ప్లగ్గులు జాగ్రత్తగా లాగి పక్కన పెడితే, కింద రెండు గేర్‌బాక్సులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కో చైనుకి ఒకటి. ఒక్కోదానికి 380 సైజు మోటారు. ఎడమదీ కుడిదీ ఒకే వేగంతో తిరిగితే బండి నేరుగా పోతుంది, తేడా వస్తే తిరుగుతుంది. అంతకుమించి స్టీరింగంటూ ఏమీ లేదు. పాత చౌక రకాల్లో గేర్ల పళ్ళు ప్లాస్టిక్‌వి. పచ్చిక మీద రెండు మలుపులు గట్టిగా తిప్పితే పన్ను విరుగుతుంది, విరిగిన ముక్క పక్క పళ్ళ మధ్య పడి వాటినీ కొరుకుతుంది. ఉక్కు గేర్‌బాక్సులు 3:1, 4:1, 5:1 అనే గుర్తులతో వస్తాయి. అంకె పెరిగితే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. కొత్తవాళ్ళు వేగం పోతుందేమోనని 3:1 ఎంచుకుంటారు. పోవాల్సింది ఆ వేగమే! బరువెక్కబోయే బండికి 4:1 నయం, లోహంతో నింపేసిన టైగర్‌కి 5:1 ఇంకా నయం.

కొత్త గేర్‌బాక్సుని పెట్టెలోంచి తీసి నేరుగా బిగించడం మరో పొరపాటు. మోటారు ఇరుసు మీది చిన్న పినియన్, దాని పక్క పెద్ద గేరు మరీ బిగువుగా కలిస్తే కీచుమని అరుస్తాయి, మరీ దూరమైతే పళ్ళు జారతాయి. రెంటి మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, అది నలిగీ నలగనట్టుగా బయటికి వచ్చేలా మోటారు స్క్రూలు బిగించడం పాత కిటుకు. ఆ తర్వాత గ్రీజు. గేర్లకి చిక్కటి గ్రీజు, ఇరుసుల చివర బుష్షులకి ఒక చుక్క నూనె. చివరగా చైన్లు లేకుండా, సగం వేగంతో కాసేపు ముందుకీ కాసేపు వెనక్కీ ఊరికే తిరగనివ్వాలి. కుడి ఎడమల మోత ఒకేలా వినిపిస్తేనే బండిలో పెట్టాలి. ఇక్కడ వదిలేసిన తేడా తర్వాత బండి ఒక పక్కకి లాగేయడంగా కనిపిస్తుంది, అప్పుడు రిమోటులో ట్రిమ్ము ఎంత తిప్పినా పూర్తిగా సర్దుకోదు.

గేర్లు ఎంత మంచివైనా వాటికి ఆజ్ఞ ఇచ్చే బోర్డు మొరటుదైతే లాభం లేదు. తొలి తరం చౌక ట్యాంకులు 27, 40 మెగాహెర్ట్జ్ రేడియోతో నడిచేవి. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న రెండు బళ్ళు ఒకేచోట నడపడం కుదిరేది కాదు. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ గొడవ తీరింది. పెద్ద మార్పు మాత్రం మీట విషయంలో వచ్చింది. పాత బోర్డులకి మీట ఎంత తోశామన్నది పెద్దగా పట్టేది కాదు, కదిలితే కదిలినట్టే. తర్వాతి బోర్డులు మీట కొద్దీ వేగం ఇస్తాయి, వేగం అందుకోవడంలోనూ ఆగడంలోనూ కావాలని కాస్త ఆలస్యం చేస్తాయి. ఈ ఆలస్యమే బరువు అనే భ్రమకి ప్రాణం. నమూనా ఎంత చిన్నదైనా భూమ్యాకర్షణ చిన్నది కాదు. అందుకే చిన్న వస్తువు పెద్దదానికంటే చురుగ్గా ఊగుతుంది, పడుతుంది, ఆగుతుంది. సినిమావాళ్ళు మినియేచర్లని ఎక్కువ ఫ్రేములతో తీసి నెమ్మదిగా చూపించింది ఈ కారణానికే. గదిలో తిరిగే ట్యాంకుకి ఆ కెమెరా కిటుకు లేదు. ఆ పని బోర్డే చెయ్యాలి.

బోర్డుల విషయంలో సంతోషించదగ్గ పరిణామం ఓపెన్ పాంజర్. ట్యాంకు నమూనాల కోసమే రాసిన కంట్రోల్ బోర్డు సర్క్యూటూ ప్రోగ్రామూ రెంటినీ అందరికీ ఉచితంగా తెరిచిపెట్టిన ప్రాజెక్టు అది. గుండెకాయ ఆర్డుయినో మెగాలో ఉండే అదే ఏటీమెగా 2560 చిప్పు. ఫ్లైస్కై లాంటి ఆరు చానళ్ళ మామూలు హాబీ రిమోటుతో కలుస్తుంది, మోటార్లకి వేరే స్పీడ్ కంట్రోలర్లు తగిలించుకోవచ్చు, వేగం పుంజుకునే తీరు, బ్రేకు తీరు, ఫిరంగి మళ్ళీ నింపుకునే సమయం అన్నీ కంప్యూటర్లో మార్చుకోవచ్చు. కొనుక్కున్న బోర్డు ఎవరో పెట్టిన హద్దుల్లో నడుస్తుంది, దీనికి హద్దు వాడేవాడి ఓపికే. టంకం పెట్టడం, ప్రోగ్రాం ఎక్కించడం రానివాళ్ళకి మాత్రం ఇది తలనొప్పి. వాళ్ళకి హెంగ్ లాంగ్ కొత్త తరం బోర్డే మంచి బేరం.

ఈ బోర్డులు తెరిచిన ఇంకో తలుపు గురించి జనం తక్కువ మాట్లాడతారు. పెట్టెలోంచి తీసిన ప్రతి నమూనా ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, ఒక చైను ముందుకీ ఒకటి వెనక్కీ. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అసలు షెర్మన్ అలా తిరగలేదు, దాని క్లెట్రాక్ డిఫరెన్షియల్ అందుకు ఒప్పుకోదు. పెద్ద వలయం తీసుకోవాల్సిందే. టి-34 ఒక చైనుని ఆపి దాని చుట్టూ తిరుగుతుంది. టి-72, టి-90లదీ అదే దారి. టైగర్, లెపర్డ్ 2 మాత్రం నిలబడ్డ చోటే తిరగగలవు. షెర్మన్‌కి అన్ని రివెట్లూ సరిచూసి, ఒక్కో గుర్తూ పుస్తకంలో వెతికి అతికించి, చివరికి దాన్ని బొంగరంలా తిప్పేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. బోర్డులో ఒక్క సెట్టింగు మారిస్తే సరిపోయే పని. పైసా ఖర్చు లేని ఈ మెరుగుకి అమ్మేవాడెవడూ ప్రకటన వెయ్యడు మరి.

ఇప్పుడు లోహం. బజార్లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేదీ, ఎక్కువ నిరాశ మిగిల్చేదీ ఇదే. ప్లాస్టిక్ చైను తీసేసి లోహపు చైను వేస్తే చూపుకి బాగుంటుంది, నేల మీద గలగలమనే మోత ఇంకా బాగుంటుంది. పై వరస చక్రాల మీద వాలి సన్నగా జారడం అచ్చం టైగర్ ఫోటోలో లాగే ఉంటుంది. అక్కడితో ఆగితే గొడవ లేదు. లోహపు చైను దాన్ని లాగే పళ్ళ చక్రమైన ప్లాస్టిక్ స్ప్రాకెట్ పళ్ళని అరగదీస్తుంది కనక స్ప్రాకెట్ మార్చాలి. బిగువుకి, చైను రెండో చివర ఉండే ప్లాస్టిక్ ఐడ్లర్ చక్రం ఇరుసు వంగుతుంది, అదీ మార్చాలి. బరువుకి స్ప్రింగులు కుంగుతాయి. వాటి చేతులు లోహానివి వేస్తే అవి తగిలించిన ప్లాస్టిక్ అడుగు పగులుతుంది, దాంతో లోహపు అడుగు భాగం. ఇంత బరువు లాగడానికి ఉక్కు గేర్‌బాక్సు, దానికి సరిపడా కరెంటు తాళే బోర్డు, ఆ బోర్డుకి పెద్ద బ్యాటరీ. గోచీని ఎలకలు కొరక్కుండా పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవుని కొని, ఆవుని మేపడానికి పెళ్ళి చేసుకున్న సన్న్యాసి కథ తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు. కౌపీన సంరక్షణార్థం మొదలైన ఆ సంసారం చివరికి కొత్త ట్యాంకు ధరని మించిపోతుంది.

అలాగని లోహం దండగ కాదు. అడుగున చేరిన బరువు బండిని నేలకి అతికిస్తుంది. గులకరాళ్ళ మీద ఎగిరిపడకుండా ఒక్కో చక్రం లేచి దిగడం, గట్టు ఎక్కేటప్పుడు ముక్కు మెల్లగా లేచి, అంచు దాటాక బరువుగా వాలడం, ఇవి 14 కిలోలకి దగ్గరపడుతున్న కొద్దీ కనిపిస్తాయి. మాట ఒక్కటే: మొత్తం చెయ్యాలి, లేదా మొదలుపెట్టకూడదు. సగంలో ఆగిన లోహం ప్లాస్టిక్‌కి శత్రువు. గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి, పోటీ పెట్టుకోవాల్సింది అసలు బండి బరువుతోనే. టి-72 41 టన్నులకి కాస్త పైన, అంటే 1/16లో పది కిలోలు. షెర్మన్ తొలి రకాలు 30 టన్నుల ప్రాంతం, అంటే ఏడున్నర కిలోల లోపే. షెర్మన్‌ని టైగరంత బరువు చేసి మురిసిపోవడంలో అర్థం లేదు.

చైను బిగువు సంగతి విడిగా చెప్పుకోవాలి. బండి గట్టిగా తిరిగినప్పుడు స్ప్రాకెట్ దగ్గర ‘టక్ టక్’ మని వినిపిస్తే చైను పన్ను దాటి జారుతోందని అర్థం. చాలామంది వెంటనే ఐడ్లర్ స్క్రూ తిప్పి వీణ తీగలా బిగిస్తారు. అప్పుడు మోటార్లు వేడెక్కుతాయి, ఇరుసులు వంగుతాయి, బ్యాటరీ సగం సమయానికే దిగిపోతుంది. ముందు చూడాల్సింది స్ప్రాకెట్ నేరుగా ఉందా, రెండు పక్కల లింకుల సంఖ్య ఒకటేనా అన్నది. ఒక లింకు తీసేస్తే పోయే జబ్బుకి స్క్రూ వైద్యం పనికిరాదు. టైగర్‌కి ఇంకో చిక్కుంది. ఒక్కో పక్క ఎనిమిది ఇరుసుల మీద ఇరవై నాలుగు చక్రాలు ఒకదాని వెనక ఒకటి దూరి ఉంటాయి. రష్యా చలిలో వాటి మధ్య బురద గడ్డకట్టి అసలు టైగర్లు కదలలేని సందర్భాలున్నాయి. నమూనాలో ఆ పని చిన్న గులకరాళ్ళు చేస్తాయి. పెరట్లో నడిపి లోపలికి తెచ్చాక పాత టూత్‌బ్రష్‌తో ఆ సందులు తోమడం దినచర్యలో చేరాలి.

బ్యాటరీ గురించి క్లుప్తంగా. పాత 7.2 వోల్టుల నికెల్ ప్యాకుల స్థానంలో ఇప్పుడు రెండు లిథియం సెల్లుల 7.4 వోల్టుల ప్యాకులు వచ్చాయి. నిండితే 8.4. ఒక్కో సెల్లు 3 వోల్టుల కింద పడితే పాడవుతుంది, కాబట్టి బోర్డులో కటాఫ్ లేకపోతే బీప్ కొట్టే చిన్న అలారమైనా తగిలించాలి. మూడు సెల్లుల ప్యాకు పెట్టి 7.2 వోల్టుల మోటార్లని పరుగెత్తించడం మెరుగు కాదు, మోటార్ల ఆయుష్షు తీయడం.

శబ్దం దగ్గర ఒక చిన్న అన్యాయం జరుగుతుంటుంది. చౌక బోర్డుల్లో అన్ని ట్యాంకులకీ దాదాపు ఒకే రకం గుర్రు. నిజానికి షెర్మన్ ఒక్కదానిలోనే ఎన్ని గొంతులు! ఎం4, ఎం4ఏ1లలో విమానాల కోసం పుట్టిన రేడియల్ ఇంజన్, ఎం4ఏ2లో జంట డీజిల్ ఇంజన్లు, ఎం4ఏ3లో ఫోర్డ్ వి-8, ఎం4ఏ4లో అయిదు కారు ఇంజన్లని ఒకచోట కట్టేసిన క్రైస్లర్ మల్టీబ్యాంక్. టైగర్‌ది మేబాక్ పెట్రోల్ వి-12, టి-34ది డీజిల్ వి-12. జర్మనీకి చెందిన బెనెడిని సౌండ్ మాడ్యూల్, ఓపెన్ పాంజర్ సౌండ్ కార్డు లాంటివి నిజమైన రికార్డింగులని ఎక్కించుకోనిస్తాయి. అయితే డబ్బు కార్డు మీద పోసి, స్పీకరు పాతదే ఉంచితే ఫలితం సున్నా. వేలెడు స్పీకరుని ఖాళీ ట్యాంకు కడుపులో వదిలేస్తే డబ్బా మోతే వస్తుంది. కొంచెం పెద్ద స్పీకరు తీసుకుని, దాని వెనక గాలి చొరని చిన్న డబ్బా కడితే అదే రికార్డింగు గుండెకి తగులుతుంది. ఇది కొన్ని వందల రూపాయల పని.

పొగ యంత్రం పిల్లలకి నచ్చుతుంది, పెద్దవాళ్ళకి ఒక నెల నచ్చుతుంది. వేడెక్కే తీగ చుట్టూ నూనెలో నానిన ఒత్తి, దాన్ని బయటికి తోసే చిన్న పంపు లేదా ఫ్యాను. నూనె అయిపోయాక కూడా స్విచ్ వేసి ఉంచితే తీగ కాలిపోతుంది. ఎక్కువ పోస్తే బండి కడుపంతా జిడ్డు. ఫ్యాను వేగం ఇంజన్ వేగంతో కలిసి మారేలా చేసినవి మాత్రం చూడదగ్గవి. మీట తోసిన క్షణాన వెనకనుంచి బుస్సుమని పొగ చిమ్ముతుంటే కంటికి ఇంపే. ఫిరంగి వెనక్కి తన్నే సర్వో, గొట్టం చివర మెరిసే దీపం వీటికంటే మన్నికైనవి, తక్కువ మొండివి.

ఈ నమూనాలతో యుద్ధమాడేవాళ్ళలో రెండు కులాలు. హెంగ్ లాంగ్ ట్యాంకుల ఫిరంగిలో స్ప్రింగు మీద పనిచేసే యంత్రం 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు పేలుస్తుంది. రెండో దారి టమియా తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్. టరెట్ మీద చిన్న గుండ్రటి రిసీవరు, ఫిరంగిలో కనిపించని కిరణం. తగిలితే బండి ఉలిక్కిపడుతుంది, దెబ్బలు పెరిగే కొద్దీ నెమ్మదిస్తుంది, చివరికి కదలకుండా పడిపోతుంది. తేలిక, మధ్య, భారీ ట్యాంకులకి తట్టుకునే దెబ్బలు వేరు. అందువల్ల ఆటలో వ్యూహం పుడుతుంది. గుండ్ల యంత్రం తీసేసి ఇన్‌ఫ్రారెడ్ పెట్టుకోవడమే తెలివైన మార్పు. గుండ్లు కంటికి ప్రమాదం, సోఫా కింద చేరే చెత్త, పైగా ఆ యంత్రం టరెట్‌లో చోటంతా మింగేసి ఫిరంగి కదలికల సర్వోకి జాగా లేకుండా చేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌కీ లోటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కిరణం వెలవెలబోతుంది, గదిలో గోడకి తగిలి తిరిగొచ్చి గురి పెట్టనివాణ్ణి చంపుతుంది. అందుకే సాయంత్రం నీడే ఈ ఆటకి అనువైన వేళ.

రంగు, రూపం దగ్గర అసలు వివాదం కచ్చితత్వం గురించి. కంపెనీలు ఒకే అచ్చులోంచి తీసిన టైగర్‌కి రకరకాల రంగులు పూసి వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. కొన్నవాడు ముందు తేల్చుకోవాల్సింది ‘ఏ టైగర్?’ అన్నది. టరెట్ మీద కమాండరు చూసే గుమ్మటం, ఆ ఎత్తైన డ్రమ్ము కపోలా 1943 జులై దాకే. అయస్కాంతపు మందుపాతరలు అంటుకోకుండా ఒంటినిండా గీతలు గీతలుగా పూసిన జిమ్మరిట్ 1943 రెండో సగం నుంచి 1944 సెప్టెంబరు వరకే. రబ్బరు అంచుల చక్రాలు పోయి ఉక్కు చక్రాలు వచ్చింది 1944 మొదట్లో. జిమ్మరిట్ పూసిన ఆఫ్రికా టైగర్ చేశారంటే చరిత్రలో లేని బండిని చేసినట్టే. ఈ తగాదాలు తీర్చే పెద్దమనిషి ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేన చేతికి చిక్కిన ఆ బండే ఇప్పటికీ సొంత కాళ్ళ మీద నడిచే ఏకైక టైగర్ 1. 2014 నాటి ‘ఫ్యూరీ’ సినిమాలో కనిపించేదీ అదే. నమూనాకారులకి దాని ప్రతి బోల్టూ ఒక ప్రమాణ పత్రం.

జిమ్మరిట్ చెయ్యాలనుకుంటే దారి సులువే గానీ ఓపిక కావాలి. రెండు పాళ్ళ ఎపాక్సీ పుట్టీ కలిపి, తడి వేలితో పలచగా రాసి, గట్టిపడేలోపు సన్నటి స్క్రూడ్రైవరు అంచుతో వరసగా నొక్కుకుంటూ పోవాలి. చేతి వణుకు వల్ల గీతలు కాస్త వంకరపోతే దిగులు పడనక్కర్లేదు. ఫ్యాక్టరీ కూలీలు పూసిన అసలు గీతలూ అంతే వంకర. ఇప్పుడు ఆ గీతలు అచ్చైన ప్లాస్టిక్ రేకులు అతికించే పద్ధతీ ఉంది. మరీ తీర్చినట్టుండటమే దానికి లోటు. రంగు మీద మట్టి, తుప్పు, నూనె చారలు వెయ్యడంలో మాత్రం ఈ మధ్య అతి ఎక్కువైంది. కొన్ని వారాలే యుద్ధంలో ఉన్న బండికి పాతికేళ్ళ తుప్పు పట్టదు.

త్రీడీ ప్రింటింగ్ వచ్చాక హ్యాచ్‌లు, మెషిన్ గన్‌లు, గడ్డపారలు, పారలు ఎవరికి వాళ్ళు అచ్చు వేసుకుంటున్నారు. చిన్న వివరాలకి రెజిన్, పెద్ద భాగాలకి ఫిలమెంటు. తెలుగు నేల మీద ఒక హెచ్చరిక అవసరం. చౌకగా దొరికే పి.ఎల్.ఏ. ఫిలమెంటు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారు వెనక సీట్లో వదిలేసిన ట్యాంకు ఫిరంగి గొట్టం తిరిగొచ్చేసరికి తల వాల్చేస్తుంది. ఎండలో తిరిగే బండికి ఏ.బి.ఎస్. లేదా పి.ఈ.టి.జి. వాడాలి.

కొనుగోలు సంగతికొస్తే, కేంద్రం 2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. 2021 జనవరి నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి బి.ఐ.ఎస్. ముద్ర తప్పనిసరైంది. విదేశాల నుంచి మొత్తం ట్యాంకు తెప్పించుకోవడం భారమైంది, లిథియం బ్యాటరీ ఉన్న పార్సిల్‌కి విమాన రవాణా చిక్కులు వేరే. దీనివల్ల ఒక మేలు కూడా జరిగింది. బోర్డూ మోటారూ బ్యాటరీ ఇక్కడే సమకూర్చుకోవడం మన హాబీ జనానికి అలవాటవుతోంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ తిరిగితే స్పీకర్లు, కనెక్టర్లు, సెల్లులు, టరెట్ తిప్పే చిన్న గేరు మోటార్లు దొరుకుతాయి. కాలేజీ రోబోటిక్స్ ప్రాజెక్టుల పుణ్యమా అని ఈఎస్‌పీ32 బోర్డు ప్రతి చోటా చవక. ఆ చిప్పు మీద ఇంజన్ శబ్దమూ దీపాలూ చైన్ల నడకా కలిపి చూసుకునే ఉచిత ప్రోగ్రాములున్నాయి.

మన బళ్ళే ఎందుకు చెయ్యకూడదన్న ప్రశ్నకి జవాబు ఆశాజనకం. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బి.ఎం.పి.-2 శరత్ అసలు బరువు 14 టన్నుల పైచిలుకు, 1/16లో మూడున్నర కిలోలు. దానికి లోహం అక్కర్లేదు, ప్లాస్టిక్ చైన్లతోనే సరైన బరువు వస్తుంది. అచ్చు వేసుకోవాల్సింది ఒళ్ళంతా గనక పని ఎక్కువ, ఖర్చు తక్కువ. మన టి-90 అయిన భీష్మ కావాలంటే హెంగ్ లాంగ్ టి-90 మంచి పునాది. ఫిరంగికి రెండు పక్కలా ఉండే ష్టోరా రక్షణ వ్యవస్థ ‘ఎర్ర కళ్ళు’ మన టి-90లకి ఉండవు కనక ముందు వాటిని పీకెయ్యాలి, ఆ చోటు కవచపు పలకలతో పూడ్చాలి. కొలతలు కళ్ళారా చూసుకోవాలనుకునేవాళ్ళకి మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో (పాత పేరు అహ్మద్‌నగర్) 1994 నుంచి ఆర్మర్డ్ కోర్ వారి ట్యాంకు మ్యూజియం ఉంది. విజయంత సహా ఎన్నో బళ్ళు అక్కడ ఆరుబయటే నిలబడి ఉంటాయి.

అర్జున్ కష్టమైనదే గానీ అసాధ్యం కాదు. లెపర్డ్ 2 లాగే దానికీ పక్కకి ఏడు చక్రాలు, స్ప్రాకెట్ వెనక. కనుక లెపర్డ్ అడుగు భాగం, గేర్‌బాక్సు, చైన్లు అలాగే ఉంచి పై ఒళ్ళూ టరెట్టూ అచ్చు వేసుకోవచ్చు. వెడల్పు అర్జున్‌ది దాదాపు 3.86 మీటర్లు, లెపర్డ్‌ది 3.75. 1/16లో ఆ తేడా ఏడు మిల్లీమీటర్లు, పక్క స్కర్టులు చెరో పక్కా మూడున్నర మిల్లీమీటర్లు బయటికి జరిపితే కలిసిపోతుంది. అర్జున్ నిలబడ్డ చోటే తిరగగలదు కాబట్టి బోర్డులో ఆ సెట్టింగు ఉంచుకోవచ్చు. భీష్మకి మాత్రం తీసెయ్యాలి.